అభిరుచి నుండి ఉపాధికి: వ్యవస్థాపన విద్యలో తొలి అడుగులు

ఉపోద్ఘాతము

ఉత్పత్తి కారకములు నాలుగని అర్థశాస్త్రము చదువు ప్రతి విద్యార్థికిని మొదటి నెలలోనే బోధింతురు. భూమి, శ్రమ, మూలధనము, వ్యవస్థాపన. మొదటి మూడింటిని మనము కన్నులతో చూడగలము. చేను భూమి, చేనిలో పత్తి ఏరు తల్లి శ్రమ, విత్తనములకై తెచ్చిన సొమ్ము మూలధనము. నాలుగవది మాత్రము కంటికి కానరాదు. అందువలననే కాబోలు, పరీక్షలో దాని నిర్వచనము వ్రాసి, పరీక్షాశాల గడప దాటగానే దానిని మరచిపోవుట మనకు అలవాటైనది.

నేనును అట్లే మరచిన దానను. తరిగొప్పులలోని మా నాన్నగారి దర్జీ దుకాణములో మిగిలిన గుడ్డముక్కలతో ఆరు సంచులు కుట్టి అమ్మిననాడు, మరచిన ఆ పాఠము మరల జ్ఞప్తికి వచ్చినది. ఈ వ్యాసమున వ్యవస్థాపన యనగా నేమో, అది నేర్చుకొనదగిన విద్య యగునా కాదా, మన ప్రాంతమున దానికి గల నిదర్శనములెట్టివో తెలిపి, పిదప నా స్వల్పానుభవమును విన్నవించుకొందును. ఇది విజయగాథ కాదు. ఒక విద్యార్థిని వ్రాసికొన్న జమాఖర్చుల పుస్తకము మాత్రమే.

వ్యవస్థాపకుడు ఎవరు?

ఈ భావనను శాస్త్రీయముగా మొదట చర్చించిన వారిలో రిచర్డ్ కాంటిలన్ ముఖ్యుడు. ఐర్లండులో జన్మించి ఫ్రాన్సులో వ్యాపారము చేసిన ఈయన రచన ఆయన మరణానంతరము 1755లో ప్రచురింపబడినది. తెలిసిన ధరకు కొని, తెలియని ధరకు అమ్మువాడే వ్యవస్థాపకుడని ఆయన భావము. ఈ లెక్కన రైతు సైతము వ్యవస్థాపకుడే. విత్తనపు ధర, ఎరువు ధర, కూలి ధర ముందుగానే తెలియును. పంట చేతికి వచ్చుననియు, వచ్చిన పంటకు ఫలానా ధర పలుకుననియు ఎవరును చెప్పజాలరు. వానకై ఆకాశము వైపు చూచు మన జనగామ ప్రాంతపు మెట్టరైతునకు కాంటిలన్ గారి పాఠము ఎవరును చెప్పనక్కరలేదు.

తరువాత ఫ్రెంచి అర్థశాస్త్రవేత్త జె. బి. సే, భూమిని, శ్రమను, మూలధనమును ఒకచోట చేర్చి నడిపించు కర్తగా వ్యవస్థాపకుని వర్ణించినాడు. 1911లో తన గ్రంథమును వెలువరించిన జోసెఫ్ షుంపీటరు మరియొక అడుగు ముందుకు వేసినాడు. ఉన్న వస్తువులనే క్రొత్త విధముగా కలుపువాడు వ్యవస్థాపకుడని ఆయన సిద్ధాంతము. క్రొత్త వస్తువు, క్రొత్త పద్ధతి, క్రొత్త విపణి, క్రొత్త ముడిసరుకు, క్రొత్త నిర్వహణ, ఈ ఐదింటిలో ఏ ఒక్కటి తెచ్చినను అది నవకల్పనయే యగును.

ఈ ముగ్గురి మాటలను కలిపి చూచినచో, నష్టభయమును భరించుట, వనరులను సమకూర్చుట, క్రొత్త కలయికను కనుగొనుట అను మూడు లక్షణములు తేలుచున్నవి. వీనిలో ఏదియు ధనవంతులకు మాత్రమే చెందినది కాదు.

పుట్టుకతో వచ్చునా? నేర్చిన వచ్చునా?

వ్యాపారము కొందరి రక్తములోనే ఉండునని మన పెద్దలు అనుచుందురు. ఈ విశ్వాసమును పరీక్షించిన ప్రసిద్ధ ప్రయోగమొకటి మన తెలుగునేలపైననే జరిగినదని నాకు మొన్నటి దాక తెలియదు. అదియే కాకినాడ ప్రయోగము.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున మనస్తత్త్వ శాస్త్రాచార్యులైన డేవిడ్ మెక్లెలాండ్ 1961లో ఒక గ్రంథము ప్రకటించినారు. ఏదో సాధించవలెనను తపన, అనగా సాధనాకాంక్ష, ఆర్థికాభివృద్ధికి మూలమని ఆయన అందు ప్రతిపాదించినారు. ఈ ఆకాంక్షను పెద్దవారిలో శిక్షణ ద్వారా పెంపొందింపవచ్చునా యని తెలిసికొనుటకై 1964లో హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థతో కలిసి ఆయన ఒక ప్రయోగమునకు పూనుకొన్నారు. కాకినాడ పట్టణమునుండి వ్యాపారులు మొదలగువారు యాభై ఇద్దరిని బృందములుగా హైదరాబాదునకు రప్పించి, దాదాపు పది దినములు శిక్షణ ఇచ్చినారు. తమ లక్ష్యమును తామే నిర్ణయించుకొనుట, సాధింపదగిన విజయమును ఊహించుకొనుట, తమ పని ఫలితమును తామే కొలుచుకొనుట, తమను గూర్చి తాము ఆలోచించుట, ఇవి ఆ శిక్షణలోని ప్రధానాంశములు.

అనంతరము పరిశీలించి చూడగా, శిక్షణ పొందినవారు పొందనివారికంటె చురుకుగా క్రొత్త ప్రయత్నములు చేసినట్లు తేలినది. సంప్రదాయ విశ్వాసములు గాని, పాత జీవన విధానము గాని వ్యవస్థాపనకు అడ్డుగోడలు కావను నిర్ణయమునకు కూడ వారు వచ్చినారు. డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్లెలాండ్ ఈ ఫలితములను 1969లో గ్రంథరూపమున వెలువరించినారు. దేశమున తరువాత వ్యాపించిన వ్యవస్థాపకతాభివృద్ధి శిక్షణలకు ఈ ప్రయోగము ఒక ప్రాతిపదిక. నాటి ఆ శిక్షణ సంస్థయే నేడు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థ అను పేరుతో హైదరాబాదు యూసఫ్‌గూడలో పని చేయుచున్నది.

మెక్లెలాండ్ పరిశోధనలలో ఉంగరముల ఆట ఒకటి కలదు. నేలపై ఒక మేకు నాటి, దానిపై పడునట్లు ఉంగరములు విసరుమందురు. ఎంత దూరము నుండి విసరవలెనో చెప్పరు. కొందరు మేకు ప్రక్కనే నిలిచి విసరుదురు, తప్పదు గాని అందులో తృప్తి లేదు. కొందరు మిక్కిలి దూరమునుండి విసరుదురు, తగిలిన అదృష్టము, తగులకున్నను చిన్నతనము లేదు. సాధనాకాంక్ష గలవారు మాత్రము కష్టపడిన తగులునను నమ్మకము గల మధ్యదూరమును ఎన్నుకొందురట. ఈ ఆటను గూర్చి చదివినప్పుడు చిరునవ్వు నవ్వితిని. దాని అర్థము ఒక పెండ్లి పని చేపట్టిన పిమ్మట గాని నాకు బోధపడలేదు.

మన ప్రాంతపు నిదర్శనములు

జనగామ పట్టణమునకు చేరువన, హైదరాబాదు నుండి వరంగల్లు పోవు మార్గమున పెంబర్తి గ్రామము కలదు. ఇత్తడి రేకుపై సుత్తితోను, చీరణములతోను చిత్రములను ఉబ్బెత్తుగా తీర్చుట అచ్చటి విశ్వకర్మల విద్య. కాకతీయుల కాలమున దేవతా విగ్రహములకు, రథములకు ఈ రేకు పని శోభ కూర్చినది. ఆ రాజ్యము అంతరించగా ఆదరణ తగ్గినది. అసఫ్‌జాహీల కాలమున ఆ చేతులే పాన్‌దాన్‌లు, అత్తరుదాన్‌లు, వ్రేలాడు దీపములు చేసినవి. నేడు జ్ఞాపికలు, ఆలయ తోరణములు, గృహాలంకరణ ఫలకములు చేయుచున్నవి. విద్య ఒకటే. కొనువాడు మారినపుడెల్ల వస్తువు మారినది. నేర్చిన విద్యను వదలక, చేయు వస్తువును మార్చుకొనుట యను రహస్యమును పెంబర్తి మనకు నేర్పుచున్నది.

రెండవ నిదర్శనము ఆలేరు ప్రాంతములోని శారాజీపేట. చింతకింది మల్లేశం గారు చేనేత కుటుంబమున జన్మించి, ఆరవ తరగతితో చదువు మానిన వారు. పోచంపల్లి తరహా చీరకు నూలును ముందుగా ఆసుపై పోయవలెను. అర్ధచంద్రాకారముగ అమర్చిన మేకుల చుట్టును చేతితో దారమును అటునిటు త్రిప్పవలెను. ఒక్క చీరకు సుమారు తొమ్మిది వేలసార్లు చేయి ఆడవలెను. ఈ పని సాధారణముగా స్త్రీలదే. తన తల్లి లక్ష్మి గారు భుజము నొప్పితో బాధపడుట చూచి, ఆ పనిని యంత్రముచే చేయింపవలెనని 1992లో ఆయన సంకల్పించినారు. ఇంజనీరింగు విద్య లేదు, ధనము లేదు, ఇరుగుపొరుగు ఎగతాళి మాత్రము పుష్కలముగా లభించినది. హైదరాబాదులో పని చేయుచు, అచ్చటి యంత్రముల కదలికను గమనించి, చివరి చిక్కును విడదీసి, 1999 నాటికి ఆసు యంత్రమును పూర్తి చేసినారు. తల్లి పేర దానికి లక్ష్మీ ఆసు యంత్రమని నామకరణము చేసినారు. ఐదారు గంటల శ్రమ గంటన్నర సమయమునకు తగ్గినది. 2017లో ఆయనను పద్మశ్రీ వరించినది. ఆయన జీవితము 2019లో చలనచిత్రముగ కూడ వచ్చినది.

మూడవది హైదరాబాదు నగరపు నిదర్శనము. మన ఇండ్లలో జలుబు చేసిన, కడుపు నొప్పి వచ్చిన తాతమ్మలు తీయు చిన్న సీసా జిందా తిలిస్మాత్. యూనానీ వైద్యమునందు ఆసక్తి గల హకీమ్ మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ గారు 1920లో దీనిని నెలకొల్పినారు. నూరేండ్లు గడచినను ఆ సీసా రూపము, దానిపై గల యోధుని బొమ్మ జనులు గుర్తించునవిగా నిలిచియున్నవి. చిన్న సీసా, సామాన్యుడు కొనగల ధర, చూడగానే గుర్తుండు బొమ్మ, మారని గుణము, ఇవి ఆ వ్యాపారమునకు నాలుగు స్తంభములు.

ఈ మూడు నిదర్శనములలోను ఒక సామ్యము కలదు. ఎవరును తమకు తెలియని దానితో ప్రారంభింపలేదు. పెంబర్తివారికి రేకు తెలియును, మల్లేశం గారికి ఆసు తెలియును, హకీమ్ గారికి మూలికలు తెలియును. అమెరికాలో స్థిరపడిన భారతీయ పరిశోధకురాలు సరస్ సరస్వతి, ఇరువది ఏడుగురు అనుభవజ్ఞులైన వ్యవస్థాపకులను పరిశీలించి, 2001లో ఈ విషయమునే సిద్ధాంతీకరించినారు. నేనెవరిని, నాకేమి తెలియును, నాకెవరు తెలియును అను మూడు ప్రశ్నలతో వారు మొదలు పెట్టుదురట. ఎంత లాభము వచ్చునని గాక, ఎంత పోయినను తట్టుకొనగలనని లెక్క వేసికొందురట. పిండి కొద్దీ రొట్టె యని మన పెద్దలు అన్నదియు ఇదియే గదా.

నా అభిరుచి: రెండు లిపులు

ఇక నా సంగతి. తరిగొప్పుల పూర్వము నర్మెట మండలములోని గ్రామము. 2016లో జనగామ జిల్లా ఏర్పడినపుడు అది మండల కేంద్రమైనది. మా నాన్నగారు అచ్చట దర్జీ. ఒకప్పుడు రంజాన్, దసరా, బడులు తెరచు దినములు వచ్చినచో మా ఇంట దీపమారెడిది కాదు. తయారు దుస్తులు జనగామ దుకాణములలో గుట్టలుగా దొరకుచుండుటచే నేడు మా దుకాణమునకు ప్యాంటు పొడవు తగ్గించుట, జాకెట్టు కుట్టుట వంటి పనులు మాత్రమే మిగిలినవి. మిషను మ్రోగని మధ్యాహ్నములు అధికమైనవి. ఆ నిశ్శబ్దమే నా చదువునకు మొదటి ప్రశ్న.

నాకు బాల్యమునుండి అక్షరములన్న ప్రాణము. మా నానా వెదురు కలముతో ఉర్దూ అక్షరములు దిద్దించినారు. అవి కుడి నుండి ఎడమకు నీటివలె జారిపోవును. బడిలో పంతులుగారు నల్లబల్లపై తెలుగు అక్షరములు వ్రాయించినారు. అవి ముగ్గులవలె గుండ్రముగా నిలుచును. రెంటిని ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనుట నాకొక వినోదము. కుట్టుపని మా అమ్మ వద్ద నేర్చితిని. ఒకనాడు దుకాణములోని గుడ్డముక్కలతో సంచి కుట్టి, దానిపై నా పేరును రెండు లిపులలోను దారముతో కుట్టుకొని కళాశాలకు పోయితిని. ఆ వారములోనే ఆరుగురు స్నేహితురాండ్రు తమకును అట్టి సంచి కావలెననిరి.

మొదటి లెక్క, మొదటి తప్పు

సంచి ఒక్కింటికి 60 రూపాయలని చెప్పితిని. ఆరు సంచులకు 360 రూపాయలు వచ్చినవి. దారమునకు, పట్టీలకు, రాకపోకలకు 210 రూపాయలైనవి. గుడ్డ ఉచితము. 150 రూపాయల లాభమని సంతోషముతో పుస్తకము మా నాన్నగారికి చూపితిని. ఆయన కళ్ళద్దములు సవరించుకొని చదివి, ఒకే మాట అడిగినారు.

“బేటా, దారం ఖర్చు రాసినవు, బస్సు ఖర్చు రాసినవు. నీ చేతి కూలి ఏది?”

ఒక్కొక్క సంచికి మూడు గంటల చొప్పున పదునెనిమిది గంటలు కుట్టితిని. 150ని 18చే భాగించగా గంటకు ఎనిమిది రూపాయల చిల్లర. పైగా మిషను అరుగుదల, విద్యుత్తు, మా నాన్నగారు గుడ్డ కత్తిరించిన శ్రమ, వీనిలో ఒక్కటియు లెక్కలో లేదు. మన పాఠ్యగ్రంథములలో దీనినే అవ్యక్త వ్యయమందురు. స్వంత శ్రమకు, స్వంత వస్తువునకు చెల్లింపని వెల. దానిని గూర్చి నేను పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకొన్నదానను. నా పుస్తకములో మాత్రము దానికి చోటు ఇవ్వలేదు.

అంతకుమించి నన్ను కదిలించినది మరియొకటి. ముప్పది సంవత్సరములుగా మా నాన్నగారు సైతము తన కూలిని లెక్కించుకొనలేదు. “ఊరోళ్ళే గదా” యని తగ్గించి కుట్టినారు. నన్నడిగిన ప్రశ్నను ఆయన తనను తాను ఎన్నడు అడిగికొన్నారో నాకు తెలియదు. ఆ దినమున మేమిద్దరమును చాలసేపు మాటలాడుకొనలేదు.

పెండ్లి సంచులు

కొలది నెలల పిదప ఒక పెండ్లివారు అతిథులకు కానుకగా ఇచ్చుటకు 60 సంచులు కోరినారు. పూర్తి పేర్లు కుట్టుట సాధ్యము కాదని, వధూవరుల పేర్ల మొదటి అక్షరములు మాత్రము కుట్టుటకు ఒప్పుకొంటిని. ఒక్కింటికి గంట పని. ధర 90 రూపాయలు. మొత్తము 5,400. అంత పెద్ద సంఖ్య విని నా తల తిరిగినది. బయానా అడుగుటకు మొగమాటపడితిని.

గుడ్డముక్కలు చాలవు గనుక 20 మీటర్ల గుడ్డ మీటరు 70 రూపాయల వంతున 1,400 రూపాయలకు కొంటిని. దారము, పట్టీలకు 400. మొత్తము 1,800. ఆ సొమ్ము నా పరీక్ష రుసుమునకై అమ్మ దాచి ఇచ్చినది. పెండ్లివారు సొమ్ము ఇచ్చు లోపల రుసుము గడువు రాదని తలచితిని.

పదునాలుగు సంచులు పూర్తయిన పిదప శుభలేఖ చేతికి వచ్చినది. గుండె ఆగినంత పనియైనది. ఫోనులో విని నేను కుట్టినది ‘ష’. శుభలేఖలో ఉన్నది ‘శ’. ఉర్దూలో ఒక్క ‘స’ ధ్వనికే సే, సీన్, సాద్ అని మూడక్షరములు గలవు. ఏ పేరునకు ఏ అక్షరమో అడుగకుండ వ్రాయరాదని నానా చిన్ననాడే చెప్పియున్నారు. తెలుగులోను అంతే. లిపి యందు నాకు గల ప్రేమ నన్ను కాపాడవలసిన చోటనే నేను అజాగ్రత్త పడితిని. పదునాలుగు సంచుల దారము విప్పి, మరల పదునాలుగు గంటలు కుట్టవలసి వచ్చినది. పొరుగింటి అమ్మాయిని సాయమునకు పిలిచి, ఇరువది గంటల పనికి 600 రూపాయలు ఇచ్చితిని.

ఈలోగా రుసుము గడువు వచ్చినది. నా చేత సొమ్ము లేదు. ఆ సంవత్సరము పరీక్ష వ్రాయగలనా యని ఒక రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మ తన చిట్టీ సొమ్ములోనుండి అపరాధ రుసుముతో సహా కట్టినది. ఏమియు అనలేదు. అనకపోవుటయే నాకు ఎక్కువ బాధ కలిగించినది. పెండ్లి దినమున 3,400 రూపాయలు చేతికి వచ్చినవి. మిగిలిన 2,000 రెండు నెలల తరువాత అందినవి.

ఈసారి లెక్క సరిగా వ్రాసితిని. రాబడి 5,400. గుడ్డ, దారము, పట్టీలు 1,800. పొరుగింటి అమ్మాయి కూలి 600. రాకపోకలు, అపరాధ రుసుము 250. మా నాన్నగారి కుట్టుకూలి సంచికి 15 చొప్పున 900. మిగిలినది 1,850. నేను కుట్టిన గంటలు 54. గంటకు 34 రూపాయల పైచిలుకు. ఎనిమిదినుండి ముప్పది నాలుగునకు వచ్చితిని. లాభమే. కాని చదువును ఫణముగా ఒడ్డి తెచ్చుకొన్న లాభము. ఉంగరముల ఆటలో నేను మేకునకు మిక్కిలి దూరముగా నిలిచి విసరితినని అప్పుడు అర్థమైనది.

లెక్క ముగించి మా నాన్నగారి 900 రూపాయలను వేరుగా కవరులో పెట్టి ఇచ్చితిని. వద్దన్నారు. “నీ పుస్తకంల రాసినవు గదా అబ్బా, రాసినది ఇయ్యకుంటె లెక్క తప్పైతది” అంటిని. తీసికొన్నారు. ఇంటిలోని వారి చేతినుండి కూలి పుచ్చుకొనుట ఆయనకు అదియే మొదటిసారి.

నేర్చిన సూత్రములు

ఈ అనుభవము పిదప నేను ఆచరించుచున్న నియమములను, క్రొత్తగా ప్రారంభింపదలచిన విద్యార్థి మిత్రులకు ఉపయోగపడునేమో యని ఇచ్చట పేర్కొనుచున్నాను.

1. అభిరుచిని వస్తువుగా మార్చుటకు ముందు అది ఎవరి అవసరమో అడుగవలెను. నాకు ఇష్టమైనది అక్షరము. కొనువారికి కావలసినది సంచి. రెండును కలిసినచోటనే వ్యాపారము కలదు.

2. సొంత కూలిని మొదటి పద్దుగా వ్రాయవలెను. కూలి పోను మిగిలినదే లాభము. కూలియే లాభమని భ్రమపడినవాడు ఎంత శ్రమించినను ఎదుగడు.

3. పేర్లను కొనువారి చేతనే పుస్తకములో వ్రాయించుకొని, సంతకము తీసికొనవలెను. చేతిపనిలో తప్పు సవరించుటకు పట్టు కాలము, చేయుటకు పట్టు కాలముకంటె ఎక్కువ.

4. సగము సొమ్ము ముందుగా పుచ్చుకొనవలెను. ఇది అపనమ్మకము కాదు. ముడిసరుకు కొనువాని చేత సొమ్ము లేకున్న వాని స్వాతంత్ర్యము పోవును. బంగ్లాదేశములోని జోబ్రా గ్రామమున 1976లో వెదురు బల్లలు అల్లు స్త్రీలు ముడిసరుకునకై వర్తకుని వద్ద అప్పు తెచ్చి, ఆయన చెప్పిన ధరకే అమ్మవలసి వచ్చుట ఆచార్య మహమ్మద్ యూనస్ చూచినారు. నలుబది ఇద్దరికి కావలసినది మొత్తము 27 డాలర్లు మాత్రమే. ఆ చిన్న సొమ్మును తన జేబునుండి ఇచ్చిన ప్రయత్నమే 1983లో గ్రామీణ బ్యాంకుగా రూపొందినది.

5. చదువు సొమ్మును, వ్యాపారపు సొమ్మును రెండు వేర్వేరు డబ్బాలలో ఉంచవలెను. ఒకటి రెండవదానికి అప్పు ఇయ్యరాదు. పోయినను పరవాలేదనుకొన్న సొమ్మునే పెట్టుబడిగా పెట్టవలెను.

6. శక్తికి తగిన దూరమునుండి విసరవలెను. నేను ఇప్పుడు ఒక్కసారి 25 సంచులకు మించి ఒప్పుకొనుట లేదు. పరీక్షల మాసమున ఒక్కటియు ఒప్పుకొనను.

అందుబాటులో ఉన్న సాయము

చిన్న ప్రయత్నమునకు ప్రభుత్వపు తోడ్పాటు కూడ కలదని తెలిసికొనుట విద్యార్థికి అవసరము. జిల్లా పరిశ్రమల కేంద్రములు 1978నుండి దేశమున నెలకొల్పబడినవి. 2015లో ప్రారంభమైన ముద్రా పథకములో ‘శిశు’ తరగతి క్రింద 50,000 రూపాయల వరకు ఋణమునకు అవకాశము కలదు. 2020 జూలై నుండి అమలులోనికి వచ్చిన ఉద్యం నమోదునకు రుసుము లేదు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన విశ్వకర్మ పథకమున పదునెనిమిది చేతివృత్తులు గలవు. వానిలో దర్జీ వృత్తి ఒకటి. శిక్షణతో బాటు, తొలి విడతగా లక్ష రూపాయల వరకు హామీ లేని ఋణమును ఐదు శాతము వడ్డీతో ఇచ్చు ఏర్పాటు అందు కలదు. మహిళా వ్యవస్థాపకుల కొరకు తెలంగాణ ప్రభుత్వము 2018లో హైదరాబాదున వీ హబ్ సంస్థను స్థాపించినది.

అయినను ఋణము మొదటి మెట్టు కారాదని నా మనవి. ఆరు సంచుల లెక్క సరిగా వ్రాయనేరని దానికి లక్ష రూపాయలు చేతికి వచ్చినచో తప్పు కూడ అంత పెద్దదే యగును. ముందు లెక్క, పిదప అప్పు. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు ఊరకనే అనలేదు.

ముగింపు

అభిరుచి ఒక్కటే వ్యాపారము కాజాలదు. అభిరుచి లేని వ్యాపారము మొదటి నష్టముతోనే మూతపడును. పదునాలుగు సంచుల దారము విప్పిన రాత్రి ఈ పని ఇక వద్దని అనుకొనకుండ నన్ను ఆపినది లాభము కాదు, అక్షరముపై గల మమకారమే. అదే మమకారము నన్ను మరల మోసగింపకుండ కాపాడుచున్నది మా నాన్నగారు అడిగిన ప్రశ్న.

ఇప్పుడు మా దుకాణమున గోడకు ఒక పలుగుడు కాగితము అతికించియున్నది. ప్యాంటు పొడవు తగ్గించుటకు ఇంత, జాకెట్టునకు ఇంత, సంచికి ఇంత యని వెలలు రెండు లిపులలోను వ్రాసితిని. మా నాన్నగారు మొదట సిగ్గుపడినారు. “ఊరోళ్ళు ఏమనుకుంటరు” అన్నారు. ఎవరును ఏమియు అనుకొనలేదు. ఒక పెద్దమనిషి చదివి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, రసీదు లేదా యని అడిగి పోయినాడు. ఆ మరునాడే రసీదు పుస్తకము తెచ్చితిమి.

విద్యార్థి మిత్రులారా! నాలుగవ ఉత్పత్తి కారకము ఎక్కడో నగరములలోని అద్దాల మేడలలో లేదు. మీకు ఇష్టమైన పని, మీ ఇంట మూలపడియున్న పనిముట్టు, మీ పొరుగువారి చిన్న అవసరము, ఈ మూడింటిని ఒక పుస్తకములో వరుసగా వ్రాసి చూడుడు. నాలుగవ వరుసలో మీ చేతి కూలిని వ్రాయుట మాత్రము మరువకుడు.

(బి. కాం. ద్వితీయ సంవత్సరము విద్యార్థిని)